మిగిలిన ఒక్క బండ

మా పెరట్లో బండలు పరచడానికి వచ్చిన మేస్త్రి ముందుగా నాపరాళ్ళను లెక్కపెట్టాడు. ఎర్రగుంట్ల వైపు నుంచి తెప్పించిన లోడు అది. విరిగినవి, అంచులు లేచిపోయినవి పక్కకు తీసేయగా 127 నిలిచాయి. అన్నీ ఒకే కొలత చదరాలు. ఒక్క బండనూ కోయకుండా, ఒక్కటీ మిగలకుండా, నాలుగు మూలలూ కుదిరేలా పరచమని అడిగాను. అప్పటికి నా మనసులో గణితమేమీ లేదు, కోత కూలి కలిసివస్తుందన్న ఆశ తప్ప.

మేస్త్రి గోడ మీద సుద్దతో లెక్క వేశాడు. వరుసకు ఆరు చొప్పున వేస్తే ఒకటి మిగిలింది. ఏడు చొప్పున వేస్తే ఒకటి. తొమ్మిది చొప్పున వేసినా మళ్ళీ ఒకటే. ఎనిమిదికి ఏడు మిగిలాయి, పదికి ఏడు, పదకొండుకు ఆరు. అక్కడితో సుద్ద పక్కన పెట్టేశాడు.

"పన్నెండు, పదమూడు చూడవా మేస్త్రీ?" అన్నాను.

"పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు కదా సార్. మన దగ్గర అన్ని బండలు లేవు. వరుసకు పన్నెండు వేస్తే వరుసలు పన్నెండుకు తక్కువే వస్తాయి. ఆ తక్కువలన్నీ ఇప్పుడే చూశాం కదా."

ఒక సంఖ్యకు కారణాంకాలు ఉన్నాయో లేదో తెలియాలంటే దాని వర్గమూలం దాకా వెతికితే చాలన్న సూత్రం ఇది. ఏళ్ళ తరబడి పిల్లలకు ఇదే పాఠం చెప్పాను, ఇంత శుభ్రంగా చెప్పడం మాత్రం నాకు ఏనాడూ కుదరలేదు.

127 ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడదు. బండల భాషలో చెబితే, ఒకే పొడవాటి వరుసగా తప్ప మరే దీర్ఘచతురస్రంగానూ అమరదు. కడప నడిబొడ్డున ఏడు రోడ్ల కూడలి ఉంది కదా, ఆ ఏడు కూడా ఈ కోవదే. పైగా ఏడుకూ 127కూ చుట్టరికం ఉంది. మూడు రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే 7. ఏడు రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే 127. ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే 2147483647. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఈ పది అంకెల సంఖ్య గురించి.

చూడడానికి ఎవరిదో ఫోను నంబరులా ఉంటుంది. కానీ మన దేశంలో సెల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెలతోనే మొదలవుతాయి కాబట్టి ఎవరిదీ కాదు. అంకెలన్నీ కూడితే 46. మొత్తం తొమ్మిది రావాలని బండికి నంబరు వెతుక్కునేవాళ్ళు మన జిల్లాలోనూ తక్కువేమీ కాదు. వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. అంకెల మొత్తం చివరికి తొమ్మిదికి దిగే ప్రతి సంఖ్యా తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది. కాబట్టి ప్రధాన సంఖ్య వాళ్ళకు ఏ జన్మకూ దొరకదు. రవాణా కార్యాలయం వాళ్ళు 9999కి ఎంత గిరాకీ ఉందని చెప్పినా, అది 9, 11, 101గా పగిలిపోయే సంఖ్యే. నాలుగు అంకెల దాకా ఉన్న నంబర్లలో ప్రధాన సంఖ్యలు 1229 ఉన్నాయి, సుమారుగా ఎనిమిదింటికి ఒకటి. ఏడు రోడ్ల దగ్గర ఎర్రదీపం పడ్డప్పుడు ముందున్న బండ్ల నంబర్లు చూస్తూ వెతకడం నాకు పాత అలవాటు.

ఇక 2147483647 ప్రధాన సంఖ్య అని మనిషికి ఎలా తెలిసింది? మేస్త్రి దారిలో వెళ్తే దాని వర్గమూలం 46340 దాటుతుంది. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 4792. ఒక్కొక్కదానితో పది అంకెల సంఖ్యను చేత్తో భాగిస్తూ కూర్చోవాలి. ఇటలీలో కటాల్డి 1588లో ఈ దారిలోనే నడిచి, 17 రెండ్లతోనూ 19 రెండ్లతోనూ వచ్చే సంఖ్యలు ప్రధానాలని తేల్చాడు. రెండోది 524287. అంతటితో ఆగకుండా 23, 29, 31, 37లకూ అదే వర్తిస్తుందన్నాడు. వాటిలో నిలిచింది 31 ఒక్కటే. 1644లో ఫ్రాన్స్‌లో మెర్సెన్ అనే సన్యాసి 257 రెండ్ల దాకా ఏవేవి ప్రధానాలో ఒక జాబితా ఇచ్చాడు. అందులోనూ రెండు తప్పులు దొర్లాయి, మూడు వదిలిపోయాయి. అయినా ఈ జాతి సంఖ్యలకు ఆయన పేరే స్థిరపడింది. గణితంలో పేరు దక్కాలంటే సరైన జవాబే చెప్పాలన్న నియమం లేదు.

31ని 1772లో ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త తేల్చాడు. అప్పటికి ఆయనకు అరవై ఐదేళ్ళు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటున్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. చూపు లేని మనిషి 4792 భాగహారాలు చేయించలేదు. 372 మించి అక్కర్లేకుండా చేశాడు. ఆ దారి చూడాలంటే కాసేపు పూల దండ దగ్గర కూర్చోవాలి.

మల్లెలు, కనకాంబరాలు కలిపి ఏడు పూల దండ గుచ్చాలనుకోండి. ఒక్కో చోట రెండింటిలో ఏదైనా పెట్టవచ్చు కాబట్టి దారానికి వరుసగా గుచ్చే తీరులు 2⁷, అంటే 128. అన్నీ మల్లెలే అయినదాన్నీ అన్నీ కనకాంబరాలే అయినదాన్నీ తీసేయండి, 126 మిగులుతాయి. ఇప్పుడు దారం కొసలు ముడివేయండి. గుండ్రని దండను ఏ పువ్వు దగ్గర నుంచి చదవడం మొదలుపెడితే అక్కడి నుంచి ఒక వరుస వస్తుంది. ఏడు పూల నుంచి ఏడు వేర్వేరు వరుసలు. అంటే ఆ 126 వరుసలూ ఏడేసి చొప్పున గుంపులుగా చేరిపోతాయి, సరిగ్గా 18 దండలు. ఆరు పూలతో ఇలా కుదరదు. ఒక మల్లె, ఒక కనకాంబరం మార్చి మార్చి గుచ్చితే రెండు పూలు జరిగేసరికి మొదటి వరుసే కనబడుతుంది, ఆరుకు బదులు రెండు వరుసలే వస్తాయి. ఏడును సమాన భాగాలు చేయలేం కనుక ఏడు పూల దండలో ఆ చిక్కు రాదు.

ఏ ప్రధాన సంఖ్య తీసుకున్నా ఇదే కథ. అన్ని రెండ్లను గుణించి, అందులోంచి రెండు తీసేస్తే వచ్చేది ఆ ప్రధాన సంఖ్య ఎక్కంలో ఉంటుంది. ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాసిన సంగతి ఇదే, దండలు లేకుండా. మేస్త్రికి ఏడు చొప్పున పరిచినప్పుడు ఒక్క బండే మిగలడానికి కారణం కూడా ఇదే. 127లోంచి ఒకటి తీస్తే 126, అది ఏడు పూల దండల లెక్క.

ఇప్పుడు ఆయిలర్ దగ్గరికి వద్దాం. 2147483647ను ఏదో ఒక ప్రధాన సంఖ్య భాగిస్తుందనుకుందాం, దానికి 'క' అని పేరు పెడదాం. 2, 4, 8, 16 ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతూ ప్రతిసారీ 'క'తో భాగించి శేషం చూస్తుంటే, 31వ అడుగులో శేషం 1 వస్తుంది. ఆ తర్వాత 62లో, 93లో. 31 తానే ప్రధాన సంఖ్య కనుక మధ్యలో ఎక్కడా 1 రాదు. మరోవైపు ఫెర్మా మాట ప్రకారం 'క' కంటే ఒకటి తక్కువైన అడుగులోనూ శేషం 1 రావాలి. ముప్పై ఒక్క రోజులకోసారి మాత్రమే ఊరికి వచ్చే మనిషి ఫలానా రోజున ఊళ్ళో ఉన్నాడంటే ఆ రోజు సంఖ్య 31వ ఎక్కంలో ఉండితీరాలి. కాబట్టి 'క' లోంచి ఒకటి తీస్తే 31 గుణిజం. 'క' బేసి సంఖ్య కనుక 62 గుణిజం కూడా. అలాంటి భాజకాన్ని ఎనిమిదితో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలన్న మరో నియమం కూడా ఉంది. దాని వెనక వర్గ శేషాల సిద్ధాంతం పెద్దది, ఇక్కడ వదిలేస్తున్నాను. రెండు నియమాలూ కలిపితే 248వ ఎక్కంలోని సంఖ్యలకు 1 గానీ 63 గానీ కలిపినవే అభ్యర్థులుగా నిలుస్తాయి. 46340 దాకా అలాంటివి 373. అందులో మొదటిదైన 63 ఎటూ ఏడు తొమ్మిదులే కాబట్టి అది పోతే 372. ఒక్కటీ భాగించలేదు.

ఈ సంఖ్యకు ఇరుగుపొరుగును చూస్తే ముచ్చటేస్తుంది. కుడివైపు 2147483648, మొదటి నుంచి చివరి దాకా రెండ్లే. ఎడమవైపు 2147483646 పూర్తిగా పొడి అయిపోతుంది: 2, 3, 3, 7, 11, 31, 151, 331. మధ్యలో ఉన్నది మాత్రం ఎక్కడా పగలదు. అంటే ఇన్ని బండలను రెండేసి, మూడేసి, ఏడేసి, తొమ్మిదేసి, పదకొండేసి, ముప్పై ఒకటేసి ఎలా పరిచినా చివరికి ఒక్క బండ మిగులుతుంది. మా పెరట్లో జరిగినదే, పెద్ద ఎత్తున.

ఆ ఒక్కటి మిగలడం వల్ల కంప్యూటర్ వాళ్ళకు ఒక సదుపాయం దొరికింది. 1తో మొదలుపెట్టి ఏడుతో గుణించండి, 2147483647 దాటినప్పుడల్లా దానితో భాగించి శేషం ఉంచుకోండి, మళ్ళీ ఏడుతో గుణించండి. ఇలా పోతే 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి తగిలి, అప్పుడే తిరిగి 1 వస్తుంది. ఏడుకు బదులు దాని అయిదవ ఘాతం 16807 తీసుకున్నా ఇంతే. పైకి చూసేవాళ్ళకు ఆ వరుస పాచికలు విసిరినట్టే ఉంటుంది. కంప్యూటరుకు ఇలాంటి పాచికల సంఖ్యలు కావలసినప్పుడు దీన్నే కనీస ప్రమాణంగా పెట్టుకోమని 1988లో పార్క్, మిల్లర్ అనే ఇద్దరు సలహా ఇచ్చారు. ఇప్పటి అవసరాలకు రెండు వందల కోట్ల చక్రం చిన్నదైపోయింది.

ఇదే సంఖ్య 32 బిట్ల, అంటే సున్నో ఒకటో పట్టే 32 గడుల, కంప్యూటర్ లెక్కల్లో గట్టు కూడా. ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టాలి కనుక ఒక బిట్టు గుర్తుకు పోతుంది, మిగిలిన 31లో అన్నీ ఒకట్లయితే వచ్చేది 2147483647. 2014 డిసెంబరులో ఒక కొరియా పాట వీడియోను చూసినవారి లెక్క ఈ గట్టు దాటడంతో యూట్యూబ్ లెక్కింపును 64 బిట్లకు పెంచినట్టు చెప్పుకుంది. 1970 ఆరంభం నుంచి సెకన్లు లెక్కపెడుతున్న పాత యంత్రాలకు 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు గట్టు తగులుతుంది. ఆ తర్వాతి సెకనుకు అవి 1901కి జారిపోతాయి. అయితే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఇందులో ప్రధాన సంఖ్య అన్న గుణానికి ప్రమేయమే లేదు. 31కి బదులు 30 వచ్చి ఉంటే గట్టు సంయుక్త సంఖ్య అయ్యేది, ఇబ్బంది మాత్రం ఇంతే ఉండేది.

ఆయిలర్ సంఖ్యకు ఇంకో గౌరవం ఉంది. దాన్ని ముప్పైసార్లు రెట్టింపు చేస్తే 2305843008139952128 వస్తుంది. తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే మళ్ళీ తానే వచ్చే సంఖ్య, పరిపూర్ణ సంఖ్య. 6, 28, 496, 8128లకు దూరపు తమ్ముడు. 1811లో ఇంగ్లండులో పీటర్ బార్లో దీని గురించి రాస్తూ, ఇంతకంటే పెద్దది ఎన్నటికీ ఎవరూ కనిపెట్టరన్నాడు. ఇవి వింతలే తప్ప పనికొచ్చేవి కావు, కాబట్టి వీటి కోసం ఎవరూ శ్రమపడరని ఆయన తర్కం. పనికిరానిదాని కోసం మనిషి ఎంత కష్టపడగలడో ఆయనకు అంచనా లేదు.

ఆ కష్టంలో అసలు మలుపు 1876లో వచ్చింది. అప్పటిదాకా ఒక సంఖ్య పగులుతుందని చెప్పాలంటే ముక్కలు చూపించాలి, పగలదని చెప్పాలంటే ముక్కలన్నీ వెతికి లేవనాలి. ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ లూకాస్ ముక్కల జోలికే పోకుండా తీర్పు చెప్పే పరీక్ష ఒకటి కనిపెట్టాడు. 1930లలో లేమర్ దాన్ని సానపట్టాడు. ఇప్పుడు వాడుతున్న రూపం చేత్తో చేసేంత సులువు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి రెండు తీసేయాలి. పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్ళీ అదే. ఎన్ని రెండ్లో, అందులోంచి రెండు తగ్గించి అన్నిసార్లు. చివరికి సున్న వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు.

మేస్త్రి బండల మీద చూద్దాం. ఏడు రెండ్లు కనుక అయిదు సార్లు. 4 వర్గం 16, రెండు తీస్తే 14. దాని వర్గం 196, రెండు తీస్తే 194, 127 పోతే 67. తర్వాత 42. తర్వాత 111. 111 వర్గంలోంచి రెండు తీస్తే 12319, అది సరిగ్గా 97 నూట ఇరవై ఏడులు. సున్న. ఎక్కడా ఆరుతోనో ఏడుతోనో భాగించి చూడలేదు, అయినా తీర్పు వచ్చేసింది. ఇప్పుడు పదకొండు రెండ్లు తీసుకోండి, 2047. తొమ్మిది సార్లు చేయాలి: 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్న రాలేదు. 2047 పగులుతుంది. ఎలా పగులుతుందో ఈ పరీక్ష చెప్పదు. అది 23, 89ల లబ్ధమని వేరే దారిలో తెలుసుకోవాలి.

ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు మింగుడుపడలేదు. సరుకు చూపకుండా దొంగతనం రుజువు చేసినట్టుంది. లూకాస్ సరిగ్గా అలాంటి పనే చేశాడు. మెర్సెన్ జాబితాలో ఉన్న 67 రెండ్ల సంఖ్య, 21 అంకెలది, ప్రధాన సంఖ్య కాదన్నాడు. ముక్కలేవని అడిగితే తెలియదు. ఆ ముక్కల కోసం ఇరవై ఏడేళ్ళు ఆగాల్సి వచ్చింది. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికా గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ బల్ల దగ్గరికి వెళ్ళి, ఏమీ మాట్లాడకుండా ఒక పక్క 2⁶⁷−1 విలువ కట్టాడు, మరో పక్క 193707721ని 761838257287తో గుణించాడు. రెండూ ఒకటే అయ్యాయి. ఒక్క మాటా అనకుండా వెళ్ళి కూర్చున్నాడు, సభ చప్పట్లు కొట్టింది. దానికి మూడేళ్ళ ఆదివారాలు పట్టాయని తర్వాత చెప్పాడంటారు.

అదే 1876లో లూకాస్ 127 రెండ్ల సంఖ్య ప్రధానమని తేల్చాడు. 39 అంకెలు. 170141183460469231731687303715884105727. కేవలం చేత్తో తేల్చిన ప్రధాన సంఖ్యలలో దీన్ని మించినది లేదు. 1951 దాకా, అంటే డెబ్బై ఐదేళ్ళు, లోకానికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య ఇదే. ఆ తర్వాత కంప్యూటర్లు దిగాయి, రికార్డులు తరచూ మారడం మొదలైంది. ప్రస్తుతం నాకు తెలిసిన రికార్డు 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ అనే అమెరికన్ కనిపెట్టినది. 13 కోట్ల 62 లక్షల 79 వేల 841 రెండ్లను గుణించి ఒకటి తీసేయాలి. అంకెలు 4 కోట్ల 10 లక్షల 24 వేల 320. సెకనుకు ఒక అంకె చొప్పున నిద్రాహారాలు లేకుండా చదివితే పదిహేను నెలలు దాటుతుంది. అంత సంఖ్యకూ చివరి తీర్పు ఇచ్చింది ఆ నాలుగుతో మొదలై వర్గం చేసి రెండు తీసేసే పరీక్షే.

ఇవన్నీ ఫోను చెల్లింపుల రహస్యాలు కాపాడతాయని తరచూ రాస్తుంటారు. సగమే నిజం. బ్యాంకు సైటు తెరిచినప్పుడు కనిపించే తాళం గుర్తు వెనక చాలాచోట్ల పెద్ద ప్రధాన సంఖ్యలు ఉంటాయి, కానీ అవి మూడు వందల పైచిలుకు అంకెలవి, ఊరూ పేరూ లేనివి. మెర్సెన్ జాతి సంఖ్యలు రహస్య తాళానికి పనికిరావు. అందరికీ తెలిసిన తాళంచెవి తాళంచెవే కాదు. 309 అంకెల సంఖ్యలలో సుమారు 710కి ఒకటి ప్రధాన సంఖ్య. కాబట్టి యంత్రం గుడ్డిగా బేసి సంఖ్యలు ఎంచుకుంటూ, లూకాస్ దారికి దూరపు బంధువైన పరీక్షలతో ఒక్కొక్కటీ చూస్తూ పోతే క్షణంలో దొరుకుతుంది. అలాంటి రెండింటిని గుణించి బయట పెడతారు. పగులుతుందని అందరికీ తెలుసు, ముక్కలు ఎవరికీ తెలియవు. కోల్ ఆదివారాలకూ లూకాస్ పరీక్షకూ మధ్య ఉన్న ఆ దూరమే తాళం. 2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యకైనా, ఏ సందేహమూ మిగలకుండా, అంకెల సంఖ్యను బట్టి మితమైన కాలంలో తీర్పు చెప్పే పద్ధతి ఇచ్చారు. అదీ ముక్కలు చూపించదు.

చివరిగా ఆ చుట్టరికం సంగతి. 2తో మొదలుపెట్టండి. రెండు రెండ్లను గుణించి ఒకటి తీస్తే 3. మూడు రెండ్లతో 7. ఏడు రెండ్లతో 127. నూట ఇరవై ఏడు రెండ్లతో లూకాస్ సంఖ్య. ఇప్పటిదాకా అన్నీ ప్రధానాలే. ఇదే పని 31తో చేస్తే 2147483647 దాకా బాగానే ఉంటుంది, తర్వాతి అడుగులో గొలుసు తెగుతుంది. అన్ని రెండ్లతో వచ్చే 64 కోట్లకు పైగా అంకెల సంఖ్యను 295257526626031 అనే 15 అంకెల సంఖ్య భాగిస్తుంది. ఆయిలర్ చెప్పినట్టే, అందులోంచి ఒకటి తీస్తే 2147483647 గుణిజం, 137490 రెట్లు. ఏడు రోడ్ల గొలుసులో తర్వాతిది ప్రధానమో కాదో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఆ సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చెప్పడానికే 38 అంకెలు కావాలి. లూకాస్ పరీక్షకు అన్ని అడుగులు ఏ యంత్రమూ వేయలేదు. ఏ చిన్న ముక్కో తగిలితే తప్ప తీర్పు లేదు, ఇప్పటివరకు తగల్లేదు.

మేస్త్రి చివరికి వరుసకు పద్నాలుగు చొప్పున తొమ్మిది వరుసలు పరిచాడు. మిగిలిన ఒక్క బండను కొళాయి కింద వేశాడు. అంట్లు ఇప్పుడు దాని మీదే తోముకుంటున్నాం.